దొర కప్పు కోసం ఖాళీ చేసిన జాగా

ముందు టీ తీసుకోండి. ఆ షోకేసు వైపు తర్వాత చూద్దురు. పోయిన ఆదివారం ఏం జరిగిందో వినకుండా ఆడుండే కాగితం చదివితే నా పరువు నిండుగా పోతాది. విన్నాక చదివితే సగమైనా మిగలచ్చు. మిక్చర్ కూడా తీసుకోండి, మొగమాటం వద్దు. చెప్పేది దండిగా ఉండాది!

మన ఊళ్లో కుక్కల క్లబ్బు ఒకటుండాది, దానికి నేను సెక్రటరీ అని మీకు తెలుసు గదా? నవ్వద్దు! ఆరేండ్లుగా సెక్రటరీ. నెలకోసారి మీటింగు, ఏడాదికి రెండుసార్లు టీకాల క్యాంపు, ఒక పెద్ద షో. ఎవురి కుక్క ఈనింది, ఎవురి కుక్క తప్పిపోయింది, ఎవురి కుక్కకు సంబంధం చూడాల, ఈ వార్తలన్నీ గ్రూపులో పెట్టేది నేనే. ఆఫీసులో నా మాట ఎవురూ వినరు. క్లబ్బులో మాత్రం నేను దగ్గితే నలభై మంది, వాళ్ల కుక్కలూ సర్దుకొని కూచుంటారు. అదొక సంతోషం నాకు.

మా కుక్క రాజపాళయం జాతిది. పాలమాదిరి తెలుపు, గులాబీ రంగు ముక్కు. ఆ రంగు చూసే మా అత్త వాడికి దొర అని పేరు పెట్టింది. మా అత్త నాకు సొంత మేనత్తే, అందుకే మా ఇద్దరికీ నువ్వు, నేను అనే చనువు. తన కడుపున పుట్టిన మా బావకు, అంటే నా మొగుడికి, చల్లారిన ఇడ్లీ పెడతాది. దొరకు మాత్రం వేడి ఇడ్లీ, ఊది ఊది పెడతాది. బావ ఒకరోజు అడగనే అడిగినాడు, "అమ్మా, నేనెవురు ఈ ఇంట్లో?" అని. "నువ్వు వాణ్ణి వాకింగుకు తీసకపోయేవాడివి" అనింది.

ఈడ ఒక సంగతి చెప్పాల. ఊరంతా తమిళమే గదా, మా ఇంట్లో పిల్లోళ్లు తెలుగులో పిలిస్తే తమిళంలో పలుకుతారు. కలిపి మాట్లాడకుండా అచ్చంగా తెలుగు ఒక్కటే తెలిసినవాడు దొర ఒక్కడే. పెంచింది అత్త గదా! తమిళంలో కూర్చోమంటే మొగం చూస్తాడు. ఇంగ్లీషులో సిట్ అంటే చెవి గోక్కుంటాడు. "కూచో" అంటే టక్కని కూచుంటాడు. తమిళ దేశంలో పుట్టిన కుక్క, ఒక్క ముక్క తమిళం రాదు! అందులోనూ నా గొంతంటే వాడికి హడల్. నేను అరిచినానంటే మా ఇంట్లో ఇద్దరు యాడున్నోళ్లు ఆడ ఆగిపోతారు. దొర ఒకడు, బావ ఒకడు.

ఈసారి షోలో దేశీ జాతుల కప్పు దొరకే వస్తాదని మా అత్త నెల ముందే తీర్మానం చేసేసింది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, షోకేసు నడిమి అరలో నాకు క్యారమ్ ఆటలో వచ్చిన షీల్డు లేదు. చూస్తే బీరువా మీద, పాత దుప్పట్ల పక్కన పడుండాది!

"ఏందత్తా ఇది?" అన్నా.

"రెండో ప్రైజు గదే అది? మొదటి ప్రైజు వస్తా ఉండాది. జాగా కావాల."

అంతటితో ఆగిందా? పాలాయనకు చెప్పింది. పూలమ్మికి చెప్పింది. అరియాంకుప్పం బస్టాపులో ముక్కు మొగం తెలియనోళ్లకు కూడా చెప్పింది. షో ముందు రోజు దొరకు నీళ్లు పోస్తా, నా మొగం చూడకుండా అంటాది, "కప్పు రాకపోతే నేనీ వీధిలో తలెత్తుకొని పూలు కొనలేను సుగుణా." డెబ్బై నాలుగేండ్లకు ఒక ఆశ పడింది, అదీ ఒక కప్పు! ఎట్టయినా తెచ్చియ్యాల అనుకున్నా.

ఇప్పుడు ఏడో రూలు. ఇది గుర్తు పెట్టుకోండి. రింగులో కుక్కను పట్టుకున్నోళ్లు తప్ప, బయట నుంచి ఎవురూ దాన్ని పిలవకూడదు, ఈల వెయ్యకూడదు, బిస్కట్ చూపించకూడదు. అట్ట చేస్తే ఆ కుక్క షో నుంచి అవుట్. చేసినోళ్లకు సెక్రటరీ క్లబ్బు ముద్ర వేసి హెచ్చరిక లెటర్ ఇయ్యాల. ఈ రూలు రాసింది ఎవురు? నేనే. పోయినేడు ఒకామె రింగు బయట నిలబడి కీచు కీచుమనే బొమ్మ నొక్కతా ఉంటే, ఆమె కుక్క తల ఎత్తి మహారాజా మాదిరి నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయి ఆ రాత్రికి రాత్రే రూలు టైపు చేసినా. షో రోజు పొద్దున కూడా మైకులో మూడుసార్లు చదివినా. "నా సొంత మనుషులైనా సరే, వదలను!" అని చివర్లో కలిపినా. ఆ మాట ఎవురడిగినారు నన్ను?

షో సారం అనే పేటలో ఒక స్కూలు గ్రౌండులో పెట్టినాం. నడిమిలో తాళ్లు కట్టి రింగు. ఒక మూల పందిరి కింద నా మైకు బల్ల. స్పీకర్లేమో గ్రౌండుకు ఆ చివర, స్తంభాలకు కట్టినారు. నా బల్లకు సరిగ్గా వెనక చెరుకు రసం మిషను. డబడబమని డీజిల్ ఇంజను! నేను మాట్లాడేది నాకే వినపడదు. జరిపించమంటే, ఆ చెరుకు రసం అక్క నవ్వి, తమిళంలో "నీడ ఈడే ఉండాది మేడమ్" అని ఒక గ్లాసు చేతిలో పెట్టింది. ఏం చేస్తాం, తాగేసినా.

అత్త కొత్త పట్టుచీర కట్టుకొని వచ్చింది. ఎండకు కళ్లు తిరుగుతాయని నా పక్కనే కుర్చీ వేయించినా. ఒళ్లో స్టీలు డబ్బా. అందులో నెయ్యి దోస. ఎవురికో నేను చెప్పక్కర్లేదు.

దేశీ జాతుల ఫైనల్ పిలిచినారు. నాలుగు కుక్కలు. దొర ఒకటి. మా ప్రెసిడెంట్ దక్షిణామూర్తి సార్ కుక్క, కన్ని జాతి జూలీ ఒకటి. నల్లగా, సన్నగా, వయ్యారంగా ఉంటాది. దాన్ని వాళ్లమ్మాయి పట్టుకోనుండాది. సార్ మాత్రం జడ్జికి సాయంగా రింగులోనే నిలబడినాడు. దొరను పట్టుకున్నది మా బావ, టక్ చేసుకొని, జుట్టు దువ్వుకొని. బెంగళూరు నుంచి వచ్చిన జడ్జి ఒక్కో కుక్క నోరు తెరిచి పండ్లు చూస్తా, నడుము తడుముతా వస్తా ఉండాడు. దొర నిలబడినాడు చూడండీ! కాళ్లు నాలుగూ కొలిచి పెట్టినట్టు, తోక విల్లు మాదిరి. జడ్జి రెండు అడుగులు వెనక్కి పోయి చూసినాడు, మళ్లీ ముందుకొచ్చి చూసినాడు. నేను నాలుగు పేర్లూ చదివి, మైకు స్విచ్ ఆపేసి బల్ల మీద పెట్టినా.

ఆపేసినాననే అనుకున్నా!

మా సంగతి మీకు తెలిసిందే. నలుగురిలో రహస్యం మాట్లాడాలంటే మనకు తెలుగే గదా? చీర బాగలేదని అంగట్లో చెప్పాలన్నా, పెండ్లిలో సాంబారు నీళ్లగా ఉండాదని చెప్పాలన్నా గమ్మున తెలుగులోకి దిగిపోతాం. క్లబ్బులో అందరూ తమిళమే మాట్లాడతారు. ఆరేండ్లుగా మీటింగుల్లో నేనూ బావా పక్కపక్కన కూచొని నోటికొచ్చింది అనుకుంటా ఉండాం. ఒక్కరూ తల తిప్పింది లేదు. ఆ ధైర్యంతోనే అత్త చెవి దగ్గర మొదలుపెట్టినా.

"ప్రెసిడెంట్ చొక్కా చూసినావా అత్తా? కిటికీ కర్టెన్ కత్తిరించి కుట్టించుకున్నట్టుండాది."

అత్త కిసుక్కున నవ్వింది.

"ఈ జడ్జి అందరి పండ్లూ చూస్తా ఉండాడు గానీ, ఆయన పండ్లు ఎప్పుడు తోమినాడో?"

ఇంకా నవ్వింది. ఆ చివర స్పీకర్ల కింద ఎవురో పడీ పడీ నవ్వుతా ఉండారు. ఏదో కుక్క ఏదో చేసుంటాదిలే అనుకున్నా.

అంతలోకి అత్తకు కుదురు పోయింది. దొర సరిగా కనపడలేదని కుర్చీలోంచి లేచింది. వెనకోళ్లకు అడ్డం గదా అని నేను గట్టిగా, "కూచో!" అన్నా.

రింగులో దొర టక్కని కూచున్నాడు.

బావ కూడా మోకాళ్లు సగం వంచి, యాడ కూచోవాలో తెలియక అట్టే ఆగిపోయినాడు.

"అయ్యో, ఏందిది! వాడేంది కూచున్నాడు?" అని నేను అత్త చెయ్యి పట్టి లాగినా. "లెయ్, లెయ్! చూడు!"

దొర లేచినాడు. బావా లేచినాడు. అమ్మయ్య అనుకున్నా. గ్రౌండంతా గొల్లుమనింది. జడ్జి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రెసిడెంట్ సార్ ఆకాశం వైపు చూస్తా పెదాలు బిగించుకోనుండాడు. ఎండకు అట్ట పెట్టినాడేమో అనుకున్నా. ఎంత తెలివి నాది!

ఇంక అత్త ఆగలా. "బిడ్డకు ఆకలేసిందే, అందుకే కూచున్నాడు" అని దోస డబ్బా మూత తీసి రింగు వైపు నడక మొదలుపెట్టింది. నా ప్రాణం పోయింది. దోస చూపిస్తే ఏడో రూలు! కప్పు పోతాది! అత్తను ఎట్టయినా ఆపాలని ఇంట్లో అరిచినట్టు అరిచినా.

"పోవద్దు! ఈడికి రా! రా అంటే రా!"

అత్త రాలేదు. దొర వచ్చినాడు.

ఎట్ట వచ్చినాడని చెప్పేది! బావ చేతిలో బెల్టు యాడ పోయిందో, జూలీ చుట్టూ ఒక రౌండు కొట్టి, తాడు కింద దూరి, కుర్చీల నడిమి నుంచి తెల్లగా మెరుస్తా వచ్చి నా బల్ల ముందు నిలబడినాడు. నాలుక బయట పెట్టి, తోక ఊపుతా, నా మొగంలోకి చూస్తా ఉండాడు. ఏమ్మా, పిలిచినావు గదా అన్నట్టు.

"నువ్వెందుకొచ్చినావురా? నిన్నెవురు పిలిచినారు? పో! బావ దగ్గరికి పో!"

పోయినాడు! ఎట్ట వచ్చినాడో అట్టే, తాడు కింద దూరి బావ పక్కన పోయి నిలబడినాడు. జనం ఈలలు, చప్పట్లు. సర్కసులో కూడా అంత బాగా చెయ్యరు.

సరిగ్గా అప్పుడు చెరుకు రసం అక్క ఇంజను ఆపింది. డబడబ ఆగిపోయింది. నేను వెనక్కి వచ్చిన అత్తతో అంటా ఉండా, "అయ్యయ్యో అత్తా, మన పరువు పోయిందే!"

"పరువు పోయిందే... పోయిందే..." అని ఆ చివర నుంచి స్పీకర్లు నాకు తిరిగి చెప్పినాయి.

బల్ల మీద చూసినా. మైకు మీద ఎర్ర లైటు వెలగతా ఉండాది. భూమి చీలితే బాగుండు అంటారే, నాకు భూమి దాకా ఎందుకు, ఆ బల్ల కింద ఇంత జాగా దొరికుంటే చాలు!

జడ్జి ప్రెసిడెంట్ సార్‌ను ఇంగ్లీషులో అడిగినాడు, ఆమె కుక్కతో ఏం చెప్పిందని. సార్ ఆయన చెవిలో చెప్తా పోయినాడు. చెప్తా పోయినాడు, చెప్తా పోయినాడు... ఏందబ్బా ఇంతసేపు? నేను చెప్పింది నాలుగు మాటలే గదా! జడ్జి మధ్యలో ఒకసారి చెయ్యి అడ్డం పెట్టుకొని పండ్లు తడుముకున్నాడు. అప్పుడు తగిలింది నాకు కరెంటు. ప్రెసిడెంట్ సార్‌కు తెలుగు ఎట్ట వచ్చు?

ఆయన తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చినాడు. ఆరేండ్లుగా నాతో వార్తలు చదివినట్టు స్వచ్ఛమైన తమిళంలో మాట్లాడిన మనిషి, చొక్కా సర్దుకొని అంటాడూ, "ఏమ్మా సెక్రటరీ, నా చొక్కా అంత గలీజుగా ఉండాదా? మా బిడ్డ కొనిచ్చిందమ్మా."



"సార్, మీరు... తెలుగా?"

"మా తాత కాలం నుంచి ఇంట్లో ఇదేనమ్మా భాష. పోయిన మీటింగులో కాఫీ బురదనీళ్ల మాదిరి ఉండాదన్నావే, అది నేను పెట్టించిన కాఫీనే."

"ఆరేండ్లుగా చెప్పలేదే సార్!"

"చెప్తే నువ్వు మాట్లాడేది ఆపేస్తావు గదమ్మా? మీటింగుకు నేను వచ్చేదే అందుకు!"

అంతలో స్పీకర్ల దగ్గర నుంచి సౌండ్ సర్వీసు అన్న కళ్లు తుడుచుకుంటా వచ్చినాడు. మా పక్కనే మురుంగపాక్కం మనిషి. "మైకు ఆపుదామనే అనుకున్నానక్కా. అయితే రవంత బాగుండె, ఇంకో నిమిషం పోనీలే అనుకున్నా." ఈయనా తెలుగే! వెనక నుంచి చెరుకు రసం అక్క, "నేనూ ఇంజను ముందే ఆపుంటే బాగుండు, మొదటి నుంచి వినేదాన్ని" అనింది. తెలుగులో! అక్కడా ఇక్కడా ఇంకో నాలుగిండ్లోళ్లు చేతులెత్తినారు. అందరమూ ఇన్నేండ్లు తెలుగును ఇంట్లో దాచిపెట్టి, బయట ఒకరితో ఒకరు తమిళంలో కొట్లాడుకుంటా ఉండామన్నమాట!

అదంతా సంతోషమే. కానీ రూలు ఉండాదే? ప్రెసిడెంట్ సార్ మళ్లీ తమిళంలోకి మారి, మైకు నా చేతికిచ్చినాడు. ప్రకటన సెక్రటరీనే చదవాల. అదీ నేను పెట్టిన పద్ధతే. నేను లేచి, గొంతు సవరించుకొని చదివినా. దొర అనే కుక్కకు బయట నుంచి సాయం అందింది కాబట్టి పోటీ నుంచి తీసేస్తా ఉండాం. సాయం చేసినవారు, క్లబ్బు సెక్రటరీ శ్రీమతి వి. సుగుణ.

అంత చప్పట్లు నాకు జన్మలో రాలేదు.

కప్పు జూలీకి పోయింది. తీసకపోతా ఉంటే దాని వెండి మెరుపు అత్త మొగం మీద పడింది. ఆటోలో ఇంటికొచ్చేటప్పుడు దొర ఆమె ఒళ్లో తల పెట్టుకొని పడుకున్నాడు, ఆమె దోస తుంచి తినిపిస్తా ఉండాది. వంతెన మీదికి వచ్చినాక నాకు ఏడుపు ఆగలా. "నా వల్లే పోయిందత్తా" అన్నా.

"వాడు తప్పు చేసినాడా?" అనింది.

"లేదు."

"చెప్పింది చెప్పినట్టు చేసినాడు. ఆ గ్రౌండులో అంత బుద్ధిమంతుడు ఇంకెవురుండారు? చెప్పినోళ్లకే లేదు బుద్ధి." బావ ముందర డ్రైవరు పక్కన కూచొని రోడ్డు వైపు చూసినాడు. నవ్వాపుకోలేక దగ్గినాడు పాపం.

మర్నాడు ఏడో రూలు కింద మొట్టమొదటి లెటర్ రాయాల గదా? రాసినా. ఇంగ్లీషులో, క్లబ్బు కాగితం మీద, పైన కుక్క బొమ్మతో. ఫ్రమ్, సెక్రటరీ. టు, సెక్రటరీ. మీరు లౌడ్‌స్పీకర్‌లో ఒక కుక్కకు పదేపదే సలహాలిచ్చినందుకు, కమిటీవారి దుస్తుల మీద అభిప్రాయం చెప్పినందుకు మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తా ఉండాం. ఇట్లు, సుగుణ. కింద బంగారు రంగు ముద్ర. అందుకున్నట్టు సంతకం, అదీ సుగుణే. ప్రెసిడెంట్ సార్ ఒక కాపీ ఇంటికి పంపించినాడు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, అది లామినేషన్ చేయించి, ఫ్రేము కట్టించి, షోకేసు నడిమి అరలో ఉండాది! కప్పు కోసం ఖాళీ చేసిన జాగాలో! ముందర రెండు మల్లెపూలు కూడా. పొద్దున పాలాయన వచ్చి చూసి, "ఏమ్మా, సర్టిఫికెట్టా?" అన్నాడు. "మా కోడలికి క్లబ్బోళ్లు ఇచ్చినారు" అనింది అత్త, గర్వంగా.

నేను అనుకున్నా, పాపం, ఇంగ్లీషు చదవడం రాదు, కుక్క బొమ్మా బంగారు ముద్రా చూసి ప్రైజు అనుకునుంటాది. మనసు ఒప్పలేదు. మెల్లిగా పక్కన కూచొని, "అత్తా, అది ప్రైజు కాదు... దాంట్లో ఏం రాసుండాదంటే..." అన్నా.

"తెలుసులేవే" అనింది, దొర చెవి వెనక గోకుతా. "ప్రెసిడెంట్ ఫోన్ చేసి మొత్తం తెలుగులో చదివి వినిపించినాడు. రెండుసార్లు చదివించుకున్నా."

"మరి ఎందుకత్తా ఆడ పెట్టినావు!"

"ఏదో ఒక దాంట్లో ఫస్టు వచ్చినావు గదే" అనింది. "నీ క్యారమ్ షీల్డు కన్నా ఇదే నయం."